గీతలు మారిన భద్రాచలం

2014 ఏప్రిల్ 30న భద్రాచలం నియోజకవర్గం ఓటేసే నాటికి అందులో ఎనిమిది మండలాలు: భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు, కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు. గెలిచింది సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్య. తెలంగాణ తొలి శాసనసభలో ఆ పార్టీకి దక్కిన సీటు అదొక్కటే. నెల తిరిగేసరికి పోలవరం ముంపు పేరిట కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. చివరి మూడు మండలాలూ, భద్రాచలం పట్టణాన్ని మినహాయించి ఆ మండలంలోని పల్లెలూ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. వరరామచంద్రాపురం మండలంలోని రాజయ్య సొంతూరూ వాటితోపాటే పోయింది. ఆయన శాసనసభ హైదరాబాదులో, ఇల్లు ఆంధ్రలో. 2018లో ఇక్కడ కాంగ్రెస్ నుంచి పొదెం వీరయ్య గెలిచారు. కమ్యూనిస్టుల కాలం చెల్లింది కనుక ఈ కోట కూలిందని అప్పటినుంచీ అంటున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, అసలు కారణాన్ని ఓటరు మనసులో కన్నా పటం మీద గీసిన గీతల్లో వెతకడం మేలు.

ఈ గీతలు మారడం కొత్తేమీ కాదు. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నాక 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు చేరాయి. ఎగువన ఉన్న నూగూరు, చర్ల వైపు ప్రాంతం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గానీ రాలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. పాలన సౌలభ్యం దృష్ట్యా అది సబబే. రాజమండ్రి వైపు పాపికొండలు అడ్డం, ఖమ్మం వైపు నది ఒక్కటే అడ్డం. 1965లో భద్రాచలం వద్ద వంతెన పడ్డాక ఆ అడ్డూ తొలగింది. అయితే 1860 నుంచీ నిజాం ఏలుబడికి బయట ఉన్న నేల ఇది. నల్గొండ, ఖమ్మం పల్లెల్లో ఎర్రజెండాకు దొరలపై పోరు ఊపిరి పోసింది. ఇక్కడ దానికి ఆధారం పోడు భూమి, తునికాకు కూలి, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం అమలు. ఆకు కోసేవాళ్లకు యాభై ఆకుల కట్టకు ఎంత ఇస్తారన్నదే వేసవి రాజకీయం. కోయలు, కొండరెడ్ల గూడేల్లో పార్టీ వేళ్లూనుకున్నది సిద్ధాంత తరగతుల కన్నా ఆ బేరసారాల్లో అనడమే న్యాయం.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 1978 నుంచి 2014 దాకా జరిగిన తొమ్మిది ఎన్నికల్లో ఎనిమిదింట సీపీఎందే గెలుపు. ముర్ల ఎర్రయ్యరెడ్డి రెండుసార్లు, కుంజా బొజ్జి వరసగా మూడుసార్లు, రాజయ్య మూడుసార్లు గెలిచారు. 2009లో మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి కుంజా సత్యవతి నెగ్గారు. బొజ్జిదీ వరరామచంద్రాపురం మండలమే. నలభై ఏళ్లలో ఈ పార్టీకి దొరికిన ముఖ్య నాయకులిద్దరూ శబరి గోదావరిలో కలిసే చోటికి దగ్గరి పల్లెలవాళ్లు కావడం కాకతాళీయమని నేననుకోను.

ఇవన్నీ పొత్తుల గెలుపులేనన్న వాదన ఉంది. కొంతవరకు ఒప్పుకోవాలి, 1985, 1994లో తెలుగుదేశం తోడుంది, 2004లో కాంగ్రెస్ తోడుంది. కానీ 1999లో తెలుగుదేశం బీజేపీతో జతకట్టి రాష్ట్రాన్ని ఊడ్చేసినప్పుడు సీపీఎంకు మిగిలిన రెండు సీట్లలో భద్రాచలం ఒకటి. 2009లో మహాకూటమి అండ ఉండీ ఓడింది. పొత్తు ఒక్కటే గెలిపించేదైతే ఈ రెండు ఫలితాలూ తారుమారు కావాలి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. బలం శబరి ఒడ్డునే ఉంటే, అది ఆంధ్రలోనైనా గెలిపించాలి కదా? 2019లో రాజయ్య రంపచోడవరం నుంచి నిలబడి ఓడిపోయారు. అయితే రంపచోడవరం అంటే ఏమిటో చూడాలి. మారేడుమిల్లి, అడ్డతీగల, రాజవొమ్మంగి వంటి ఏడు పాత మండలాలకు చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురంతో పాటు భద్రాచలం మండలం నుంచి పోయిన పల్లెలతో ఏర్పడ్డ ఎటపాకను 2018లో తగిలించారు. మొత్తం పదకొండు మండలాల నియోజకవర్గంలో నాలుగింటి మాట ఎంతమేరకు నెగ్గుతుంది? ఒకే చోట కుదురుగా ఉన్న ఓటు రెండు రాష్ట్రాల మధ్య చీలి, రెండు చోట్లా చిన్న వాటాగా మిగిలింది. రాష్ట్రమంతటా పార్టీ చిక్కిపోతున్న మాట వాస్తవమే, గీత మారకపోయినా 2018లో ఓడేదేమో. కానీ పోటీలోనే లేనంతగా వెనకబడటానికి ఆ గీతే కారణం.

మిగిలిన భద్రాచలం రూపు విచిత్రం. వెంకటాపురం, వాజేడు ములుగు జిల్లాలో ఉన్నాయి, మిగతా మూడు భద్రాద్రి కొత్తగూడెంలో. పట్టణం నుంచి దుమ్ముగూడెం వెళ్లే దారిలో ఆంధ్ర పంచాయతీలు దాటాలి. రామాలయం భూములున్న పురుషోత్తపట్నం ఆ రాష్ట్రంలోనే ఉంది. ఊరి చెత్త పోయడానికీ చోటు వెతుక్కోవలసిన స్థితి. ఓటర్లు లక్షన్నర లోపే, తెలంగాణలో ఇదే అతి చిన్న నియోజకవర్గం. ఇలాంటి చోట పట్టణం ఓటుకు ఇదివరకటి కన్నా బరువు పెరగడం సహజం.

అయినా గాలికి ఎదురు నడిచే పాత అలవాటు ఒకటి వదల్లేదు. టీఆర్ఎస్ గాలి వీచిన 2018లో ఇక్కడ కాంగ్రెస్ గెలిచింది. ఉమ్మడి ఖమ్మంలోని పది సీట్లలో తొమ్మిదింటిని కాంగ్రెస్, దాని మిత్రపక్షం సీపీఐ పంచుకున్న 2023లో మిగిలిన ఒక్కటీ భద్రాచలమే. బీఆర్ఎస్ నుంచి తెల్లం వెంకట్రావు గెలిచి, కొన్ని నెలలకే కాంగ్రెస్‌లో చేరిపోయారు.