డెల్ఫి వర్సెస్ ఎస్టోనియా

డెల్ఫి వర్సెస్ ఎస్టోనియా: వార్తా పోర్టల్‌లో పాఠకులు రాసే వ్యాఖ్యలకు ప్రచురణకర్త ఎంతవరకు బాధ్యుడన్న అంశంపై యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పిన కేసు. ఒక ఫెర్రీ కంపెనీ సముద్రంపై వేయదలచిన మంచు దారిని పాడుచేసిందని 2006 జనవరి 24న ఎస్టోనియా వార్తా పోర్టల్ డెల్ఫి ప్రచురించింది. ఆ వార్తకు వచ్చిన 185 వ్యాఖ్యల్లో సుమారు 20 కంపెనీ ప్రధాన వాటాదారును దూషించేవి, బెదిరించేవి. బూతులను పట్టే ఆటోమేటిక్ వడపోత, ఫిర్యాదు బటన్ ఉన్నా అవి ఆరు వారాలు అలాగే ఉండిపోయాయి. మార్చి 9న ఆ వాటాదారు లాయర్ల లేఖ అందిన రోజే వాటిని తొలగించారు. ఆయన వేసిన దావాలో ఎస్టోనియా కోర్టు డెల్ఫి చేత ఇప్పించిన పరిహారం 5,000 క్రూన్లు, అంటే కేవలం 320 యూరోలు. దీనివల్ల డెల్ఫి భావప్రకటన స్వేచ్ఛకు భంగం కలగలేదని 2015 జూన్ 16న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానపు గ్రాండ్ ఛాంబర్ 15–2 మెజారిటీతో తేల్చింది. అయితే ద్వేషం, హింసా ప్రేరేపణ లేని వ్యాఖ్యలకు సంబంధించిన హంగరీ కేసులో 2016 ఫిబ్రవరి 2న ఇదే న్యాయస్థానం పోర్టల్‌కు అనుకూలంగా తీర్పునిచ్చింది.