దైవశాస్త్ర విద్యలో భిన్నాభిప్రాయం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో కతోలికులు, ఇతర సంఘాలవారు ఇరుగుపొరుగున జీవిస్తున్నాం. ఇక్కడికి దగ్గరలోనే రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ ప్రాంతీయ సెమినరీ ఉంది. కాబోయే గురువులు అక్కడ దైవశాస్త్రం చదువుతారు. అలాంటి విద్యాలయంలో బోధించేవారికి శ్రీసభ బోధ విషయంలో సందేహం కలిగితే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు కతోలిక శ్రీసభ చెప్పే జవాబును క్లుప్తంగా వివరిస్తున్నాం.

1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం సెమినరీలో దైవశాస్త్రం, తత్త్వశాస్త్రం బోధించేవారు బాధ్యత చేపట్టేటప్పుడు విశ్వాస ప్రకటన చేయాలి (833వ సూత్రం). ఉన్నత విద్యాలయాల్లో దైవశాస్త్రం బోధించేవారికి శ్రీసభ అధికారుల అనుమతి ఉండాలి (812వ సూత్రం). 1990 మే 24న రోము వెలువరించిన 'దోనుమ్ వెరితాతిస్' అనే పత్రం ఒక ముఖ్యమైన తేడా చూపింది. నిజాయితీగా కలిగే సందేహం వేరు, శ్రీసభ బోధకు ఎదురుగా బహిరంగంగా ప్రచారం చేయడం వేరు. సందేహం ఉన్నవారు దానిని పత్రికలకెక్కించక శ్రీసభ పెద్దలకు తెలియజేయాలని ఆ పత్రం కోరింది.

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ ఫాదర్ జాక్ దుప్యూయి. బెల్జియం దేశస్థుడైన ఈ జెస్విట్ గురువు 1948లో భారతదేశానికి వచ్చి, కుర్సియాంగ్‌లోనూ ఢిల్లీలోనూ ఎందరో గురువిద్యార్థులకు బోధించారు. 1984లో రోముకు వెళ్లారు. దేవుని రక్షణ ప్రణాళికలో ఇతర మతాల స్థానం గురించి ఆయన 1997లో రాసిన గ్రంథంపై రోము విచారణ జరిపింది. 2001లో వెలువడిన ప్రకటన ఆ గ్రంథంలో అస్పష్టతలున్నాయని చెప్పింది గాని, ఆయనను శిక్షించలేదు. ఆయన ఆ ప్రకటనపై సంతకం చేశారు. 2004లో కన్నుమూశారు.

శ్రీలంకకు చెందిన ఫాదర్ తిస్సా బాలసూరియ విషయం ఇంకా కఠినంగా నడిచింది. 1997 జనవరిలో ఆయనను శ్రీసభ నుండి వెలివేశారు. ఏడాది తిరిగేసరికి, 1998 జనవరిలో, సమాధానం కుదిరి ఆ శిక్ష తొలగిపోయింది.

ఇందులో సంఘానికేమి పని అనుకోవద్దు. నేడు తరగతిలో కూర్చున్న విద్యార్థి రేపు మన వీధిలోని దేవాలయంలో ప్రసంగిస్తాడు. అధ్యాపకుడు తన సొంత అభిప్రాయాన్ని శ్రీసభ బోధగా చెబితే విశ్వాసులు మోసపోతారు. ప్రశ్నలనే అణచివేస్తే, జవాబు చెప్పడం రాని గురువులు తయారవుతారు. రెండూ నష్టమే.

అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ 2). అయినా సంఘం చీలిపోలేదు. యెరూషలేములో పెద్దలు కూర్చుండి ఇరువైపుల మాట విన్నారు (అపొ. కార్య. 15). భిన్నాభిప్రాయం కలిగినవాడు దాచకుండా చెప్పాలి. పెద్దలు అతని మాట పూర్తిగా విన్నాకే తీర్పు చెప్పాలి. మన సెమినరీల అధ్యాపకుల కొరకు, విద్యార్థుల కొరకు ప్రార్థించండి. సత్యాన్ని ప్రేమతో పలికే కృప ప్రభువు వారికి దయచేయును గాక.