గేరు టక్కున లాగాలా, మెల్లగా వేయాలా? అసలు కథ ఇదీ

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. ఒకడు గేరు లివర్‌ని టక్కున లాగుతాడు, కారు కుదుపుతో ఎగురుతుంది, కింద 'రేసర్' అని క్యాప్షన్. నిజం రేసర్లు కూడా అలాగే మారుస్తారా? ఈ ఎపిసోడ్‌లో ఆ చరిత్ర చూద్దాం.

ముందు బేసిక్స్. గేరు మార్చడం అంటే వేర్వేరు స్పీడ్‌లో తిరుగుతున్న రెండు భాగాల్ని కలపడం. స్పీడ్ కలవకుండా కలిపితే కరకరమంటుంది. పాతకాలంలో ఆ స్పీడ్ కలిపే పని మొత్తం డ్రైవర్‌దే. పాత లారీలు నడిపిన పెద్దవాళ్లని అడగండి, 'డబుల్ క్లచ్' అంటారు. ఒక్క గేరుకి రెండుసార్లు క్లచ్ తొక్కేవాళ్లు.

1928లో క్యాడిలాక్ సింక్రోమెష్ తెచ్చింది. ఇందులో ఒక రింగు రాపిడితో రెండు స్పీడ్‌లనీ కలుపుతుంది, ఆ తర్వాతే గేరు పడుతుంది. ఇవాళ మనం నడిపే మాన్యువల్ కార్లలో ఉన్నది ఇదే. దానికి రెప్పపాటు టైమ్ ఇవ్వాలి. ఇవ్వకుండా బలంగా తోస్తే అరిగేది ఆ రింగే.

రేసు కార్లది వేరే దారి. అక్కడ ఉండేది డాగ్ బాక్స్. రింగు ఉండదు, పెద్ద పళ్లు నేరుగా ఒకదాంట్లో ఒకటి దిగుతాయి. ఇక్కడ రూల్ రివర్స్! మెల్లగా వేస్తే పళ్ల అంచులు కొట్టుకుని గుండ్రంగా అరిగిపోతాయి. ఒక్క దెబ్బలో వేసేయాలి. అంటే రేసర్ చెయ్యి అంత గట్టిగా కదిలేది ఆ మెషీన్ అలా అడుగుతుంది కాబట్టి.

ఇప్పుడు 1989, మార్చి 26, బ్రెజిల్‌లోని రియో. జాన్ బర్నార్డ్ డిజైన్ చేసిన ఫెరారీ 640లో గేరు లివర్ లేదు. స్టీరింగ్ వెనక రెండు ప్యాడిల్స్, అంతే. వేలితో లాగితే హైడ్రాలిక్స్ గేరు మారుస్తాయి. రేసు పూర్తవుతుందన్న నమ్మకం లేక, డ్రైవర్ నైజెల్ మాన్సెల్ ఇంటికి ముందు ఫ్లైట్ బుక్ చేసుకున్నాడట. చివరికి గెలిచింది ఆయనే!

రెండేళ్ల తర్వాత, 1991లో, అదే బ్రెజిల్‌లో ఇంటర్లాగోస్ ట్రాక్. అయర్టన్ సెన్నా మెక్‌లారెన్‌లో ఇంకా చేత్తో వేసే గేర్లే. రేసు మధ్యలో నాలుగో గేరు పోయింది, తర్వాత మరికొన్ని. చివరి ల్యాపులు ఆరో గేరులోనే లాక్కొచ్చానని ఆయన చెప్పాడు. మూడు సెకన్ల లోపు తేడాతో గెలిచాడు కానీ, సొంతంగా కారు దిగలేకపోయాడు. ట్రోఫీ ఎత్తడానికీ కష్టపడ్డాడు. ఆ ఏడాది ఛాంపియన్ ఆయనే. చేత్తో గేర్లు మార్చే కారు ఎఫ్1 టైటిల్ గెలవడం అదే ఆఖరు.

ఇంకో లైన్‌లో, పోర్షే 1980ల్లోనే రేసు కార్లలో డ్యూయల్ క్లచ్ వాడి చూసింది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో అది రోడ్డు మీదికొచ్చింది. మూడో గేరు నడుస్తుండగానే నాలుగోది రెడీగా ఉంటుంది. మా కోడింగ్ భాషలో ప్రీఫెచ్ అన్నమాట. ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది, కుదుపు దాదాపు ఉండదు. ఫాస్ట్, స్మూత్, రెండూ ఒకేసారి.

మరి కుదుపు పోయిందా? 2011లో వచ్చిన లాంబోర్గిని అవెంటడార్‌లో సింగిల్ క్లచ్ బాక్సే పెట్టారు. కంపెనీ లెక్కలో గేరు మారేది 50 మిల్లీసెకన్లలో. కోర్సా మోడ్‌లో అయితే వీపు మీద తన్నినట్టే! కానీ 2023లో దాని వారసుడు రెవుల్టో వచ్చేసరికి లాంబోర్గిని కూడా డ్యూయల్ క్లచ్‌కే వచ్చేసింది.

నాకర్థమైంది ఒక్కటే. స్పీడ్ కలిపే పని ఎవరో ఒకరు చేయాలి. మొదట డ్రైవర్ కాలు చేసింది, తర్వాత రింగు, తర్వాత కంప్యూటర్. ఎవరూ చేయకపోతే వచ్చేదే కుదుపు. దానికి బిల్లు కట్టేది గేర్‌బాక్స్.

కాబట్టి బ్రో, ఇంట్లో నాన్నగారి కారు తీసినప్పుడు లివర్‌కి ఆ రెప్పపాటు టైమ్ ఇవ్వండి. అది డాగ్ బాక్స్ కాదు. మళ్లీ కలుద్దాం.