లాయిడ్ జార్జి, డేవిడ్ (1863–1945)

వేల్సు దేశీయుడైన న్యాయవాది, రాజనీతిజ్ఞుడు. 1916 నుండి 1922 వరకు బ్రిటిషు ప్రధానమంత్రి. సొలిసిటరు వృత్తినుండి ఆ పదవి నధిరోహించినవాడును, వేల్సుభాష మాతృభాషగా గల ప్రధానమంత్రియు నితడొక్కడే.

ఇతడు 1863 జనవరి 17వ తేదీన మాంచెస్టరు నగరమున జన్మించెను. ఉపాధ్యాయుడైన తండ్రి మరుసటి సంవత్సరముననే మరణింపగా, తల్లి బిడ్డలను వెంటగొని ఉత్తర వేల్సులోని లానిస్టమ్‌డ్వి గ్రామమున తన సోదరుడగు రిచర్డు లాయిడు నింటికి చేరెను. పాదరక్షలు కుట్టి జీవించుచు, ఆదివారములందు బాప్టిస్టు సమాజమున ధర్మోపదేశము చేయుచుండిన ఆ పుణ్యపురుషుడు, మేనల్లుని న్యాయశాస్త్ర ప్రవేశపరీక్షకు సిద్ధపరచుటకై తానెరుగని ఫ్రెంచిభాషను సైతము నేర్చి బోధించెను. తండ్రిలేని బిడ్డకు మేనమామ యిచ్చిన యీ విద్యయే లాయిడ్ జార్జికి సంక్రమించిన ఏకైక ఆస్తి.

1884లో పరీక్షలయందు కృతార్థుడై, అప్పటికి క్రికెత్ పట్టణమునకు మారియుండిన మేనమామ యింటి వెనుకగదిలోనే వృత్తి నారంభించెను. వేల్సు ప్రజలలో అధికసంఖ్యాకులు ఆంగ్లికను మతశాఖకు జెందనివారయ్యు, రాజ్యాంగముచే ప్రతిష్ఠితమైన ఆ చర్చికి దశమభాగము పన్ను చెల్లింపవలసి యుండిన కాలమది. 1888లో లాన్‌ఫ్రోథెన్ గ్రామమున రాతిగనిలో పనిచేసిన వృద్ధుడొకడు, తన కుమార్తె సమాధి ప్రక్కనే తన్నును పూడ్చవలెనని కోరి మరణించెను. అతడు అన్యశాఖీయుడగుటచే మతాధికారి యందుల కంగీకరింపక, ఆత్మహత్య చేసికొన్నవారికిని దిక్కులేనివారికిని కేటాయించిన మూలను చూపెను. బంధువులు తన్నాశ్రయింపగా లాయిడ్ జార్జి, అన్యశాఖీయులను వారి మతాచారముతో చర్చి శ్మశానములందు పూడ్చుట కనుమతించిన 1880 నాటి శాసనమును, ఆ భూమి దానపత్రముల చరిత్రను శోధించి, ఆ స్థలము శ్మశానభూమిగా మునుపే చర్చికి సంక్రమించినదనియు, పిమ్మట వ్రాయించుకొనిన నిషేధము చెల్లదనియు నిశ్చయించి, ద్వారము మూసియున్నచో దానిని పగులగొట్టియైనను ఖననము చేయుడని నిర్భయముగా సలహా యిచ్చెను. స్థానిక న్యాయస్థానమున తీర్పు ప్రతికూలమైనను, లండనులో ప్రధాన న్యాయమూర్తి కోల్‌రిడ్జి ప్రభువు అప్పీలున బంధువుల పక్షముననే తీర్పు చెప్పెను. వేల్సు నలుమూలల నితనిపేరు మారుమ్రోగుటకు కారణమీ వ్యాజ్యమే. 1890 ఏప్రిలులో జరిగిన ఉపఎన్నికలో కార్నార్వన్ బరోల నుండి కేవలము 18 ఓట్ల ఆధిక్యముతో కామన్సు సభకు ఎన్నికైన యితడు, ఏబదియైదు సంవత్సరము లాస్థానమును విడువలేదు.

బోయరు యుద్ధమును బాహాటముగా ఖండించుటచే 1901లో బర్మింగుహాములో జనసమూహము సభాభవనమును ముట్టడింపగా, పోలీసువేషమున బయటపడవలసివచ్చెను. 1905లో వాణిజ్యశాఖను, 1908లో ఆర్థికశాఖను స్వీకరించెను. డెబ్బదియేండ్లు నిండిన నిరుపేదలకు వారమునకు ఐదు షిల్లింగుల వరకు వేతన మొసగు శాసనమును సభలో గెలిపించి, తదర్థమై 1909లో సంపన్నుల ఆదాయముపై అధికపు పన్నును, యజమాని శ్రమలేకయే పెరిగిన భూమివిలువలో ఐదవవంతు పన్నును ప్రతిపాదించెను. ప్రభువుల సభ దానిని త్రోసిపుచ్చుటచే దేశమున రెండు ఎన్నికలు జరిగి, తుదకు 1911లో ఆ సభ నిషేధాధికారమే కుంచింపబడెను. అదే యేట కార్మికుడు నాలుగు, యజమాని మూడు, ప్రభుత్వము రెండు పెన్నీల చొప్పున చెల్లించు ఆరోగ్య బీమా శాసనమును నెలకొల్పెను. వ్యాధిగ్రస్తుడైన కార్మికునకు వైద్యమును, వారభత్యమును దయాధర్మముగా గాక హక్కుగా లభించుట కిదియే ఆరంభము. ఇతని కృత్యములలో నిదియే ఉత్తమమని యీ వ్యాసకర్త యభిప్రాయము.

ప్రథమ ప్రపంచసంగ్రామమున యుద్ధసామగ్రి శాఖను సమర్థతతో నడపి, 1916 డిసెంబరులో ప్రధానియై, విజయమును సాధించి, వెర్సేల్సు సంధిలో ముఖ్యపాత్ర వహించెను. ఐర్లండులో దమననీతి నవలంబించి, పిమ్మట 1921లో సంధి చేసికొనెను.

1919 నాటి భారత ప్రభుత్వ శాసనము ఇతని కాలముననే వెలువడినది. దాని ననుసరించియే తెలుగువాడైన పానగల్లు రాజా 1921లో మద్రాసు మంత్రివర్గమునకు నాయకత్వము వహించెను. కాని తురుష్క సుల్తాను ఖలీఫా పదవిని కాపాడవలెనను ఖిలాఫతు విషయమై 1920లో లండను కేగిన మహమ్మదాలీ ప్రతినిధివర్గము రిక్తహస్తములతో మరలవలసివచ్చెను. 1922 ఆగస్టులో సివిలు సర్వీసును పాలనకు ఉక్కుచట్రమని కొనియాడుచు ఇతడు చేసిన ప్రసంగము, స్వపరిపాలన నాశించిన భారతీయులను తీవ్రముగా నొప్పించెను. రాతిగని కార్మికుని బంధువుల మొరను ఆలకించిన న్యాయవాది, సముద్రమున కావలనున్న కోట్లాది ప్రజల మొరను అదే శ్రద్ధతో ఆలకింపకపోవుట ఇతని చరిత్రలో తీరని లోపము.

బిరుదులను విక్రయించెనను అపవాదు చుట్టుకొనగా, కన్సర్వేటివులు మద్దతు నుపసంహరించుటచే 1922 అక్టోబరులో రాజీనామా చేసి, మరల నెన్నడును అధికారమునకు రాలేదు. 1936లో హిట్లరును సందర్శించి ప్రశంసించుట ఇతని వివేకమునకు కళంకము. 1945లో ప్రభుబిరుదము పొంది, మార్చి 26వ తేదీన లానిస్టమ్‌డ్విలో మరణించెను. 1911 శాసనమువలన నేర్పడిన ఆరోగ్య బీమా పద్ధతి, 1948 జూలైలో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమగువరకు అమలునందుండెను.