తేయాకు పొట్లానికి మేజోళ్ల జత

1951 మే నెల. స్కాట్లాండ్‌కు ఉత్తరాన, షెట్‌లాండ్ దీవుల్లోని గనిస్టర్ దగ్గర ఇద్దరు మనుషులు పీట్ తవ్వుతున్నారు. చిత్తడి నేలలో నాచు వేల ఏళ్లు నాని గట్టిపడితే తయారయ్యే నల్లమట్టి అది. చెట్లు అరుదైన ఆ దీవుల్లో పొయ్యిలోకి అదే వంటచెరకు. ఆ రోజు పార కింద మట్టికి బదులు ఊలు బట్టలు తగిలాయి. ఎప్పుడో అక్కడ పూడ్చిన మనిషివి. దేహం దాదాపు మట్టిలో కలిసిపోయింది, ఊలు నిలిచింది. టోపీలు, చేతి తొడుగులు, పొడుగు మేజోళ్లు, ఒక చిన్న డబ్బు సంచి. సంచిలో మూడు నాణేలు. రెండు డచ్చివి, ఒకటి స్వీడన్‌ది. వాటి మీది సంవత్సరాలు 1681, 1683, 1690.

బూడిదరంగు ఊలుతో అల్లిన ఆ సంచి మీద ఎరుపు, తెలుపు పోగులతో డిజైను వేశారు. షెట్‌లాండ్‌లో దొరికిన రంగుల అల్లికల్లో అంత పాతది ఇంకొకటి లేదు. డచ్చి నాణేలు అక్కడికెలా వచ్చాయంటే, ప్రతి వేసవిలో హెర్రింగ్ చేపల కోసం హాలండ్ పడవలు లెర్విక్ రేవు చుట్టూ మూగేవి. దీవి ఆడవాళ్లు అల్లిన మేజోళ్లు ఆ నావికులు కొనుక్కునేవారు.

షెట్‌లాండ్ గొర్రె చిన్నది, దాని ఉన్ని మెత్తన. వేసవి మొదట్లో ఉన్ని దానంతటదే వదులవుతుంది, కత్తెర పెట్టకుండా చేత్తో లాగేవారు. మెడ దగ్గరి ఉన్ని అన్నిటికన్నా సన్నం. దాన్ని వడికి అల్లిన రెండు గజాల శాలువా పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేది. మన గొంగడి కప్పుకుని పెరిగినవాళ్లకు ఉన్ని అంత పలచనవుతుందంటే నమ్మబుద్ధి కాదు.

ఆ అల్లిక కోసం ఎవరూ తీరిగ్గా కూర్చోలేదు. నడుముకు తోలు బెల్టు, దానికి గుర్రపు వెంట్రుకలు కూరిన చిన్న మెత్త, మెత్త నిండా బెజ్జాలు. ఒక సూది కొసను బెజ్జంలో గుచ్చితే అది కదలకుండా నిలబడుతుంది. కుడిచేతి వేళ్లకు ఇక పోగు తిప్పడమొక్కటే పని. వీపున పీట్ బుట్ట మోస్తూ, కొండదారిలో నడుస్తూ, చూపు దారి మీదే ఉంచి అల్లేవారు. ఇంటికొచ్చాక చేతి తొడుగులను ఉతికి, అరచేతి ఆకారంలో చెక్కిన బల్లలకు తొడిగి ఆరబెట్టేవారు.

లెర్విక్ పక్కన పుట్టిన ఆర్థర్ ఆండర్సన్ 1837లో సన్నని మేజోళ్లను విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చాక లండన్‌లో ఈ అల్లికకు గిరాకీ పెరిగింది. మన మద్రాసు రేవులో ఆగి వెళ్లిన పీ అండ్ ఓ ఓడల కంపెనీ స్థాపకుల్లో ఒకడు ఆయనే.

గిరాకీ పెరిగినా అల్లినవాళ్ల చేతికి డబ్బు రాలేదు. ఈ చరిత్రలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. వర్తకుడు శాలువా తీసుకుని బదులు తేయాకు, గుడ్డ ఇచ్చేవాడు. అప్పటికి ఏమీ అక్కర్లేదంటే ఒక చీటీ రాసిచ్చేవాడు, దాంతో మళ్లీ ఆ కొట్టుకే రావాలి. ఈ ట్రక్ పద్ధతి మీద విచారణకు విలియం గత్రీ అనే న్యాయవాదిని ప్రభుత్వం పంపింది. 1872 జనవరిలో ఆయన లెర్విక్‌లో కూర్చుని, అల్లేవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ఆ ప్రశ్నలు, జవాబులు అచ్చయ్యాయి. పిండి, బంగాళాదుంపలు ఆ కొట్లలో దొరికేవి కావు. అందుకని తేయాకు పొట్లం పట్టుకుని పల్లెలోకి వెళ్లి, దానికి పిండి మార్చుకోవాలి. దొరసానుల భుజాల కోసం శాలువా అల్లిన మనిషి ఆ రాత్రి గంజి కోసం ఇంకో గడప ఎక్కాలన్నమాట.

చిన్నపని, ఆడవాళ్ల పని, ఖాళీ వేళల పని. ఈ మూడు మాటలూ మనకు కొత్తవి కావు. నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకం చెప్పిందీ అదే. రోజంతా అల్లి విదేశాలకు సరుకు అందిస్తున్నవాళ్లను గృహిణులని రాసి, కార్మికుల లెక్కలోంచి తీసేశారు. అక్కడ ఉన్ని, ఇక్కడ నూలు దారం. అక్కడ రెండు మూడు సూదులు, ఇక్కడ ఒక్క కొక్కెం సూది.

గత్రీ విచారణ జరిగిన 15 ఏళ్లకు, 1887లో, ట్రక్ చట్టాన్ని సవరించారు. అందులో పదో సెక్షన్ ఇలాంటివాళ్ల కోసమే పెట్టారు. ఇంటి దగ్గర అల్లిన ఊలు వస్తువు విలువ 5 పౌండ్ల లోపైతే, అల్లినవాళ్లకు సరుకు కాదు, డబ్బే ఇవ్వాలి. చేతి తొడుగులు, మేజోళ్లు, పిల్లల టోపీలు, అన్నీ ఆ లెక్కలోకి వచ్చాయి.

1922లో వేల్స్ యువరాజు షెట్‌లాండ్ పక్కనున్న ఫెయిర్ ఐల్ దీవి రంగుల స్వెటర్ తొడుక్కుని గోల్ఫ్ ఆడితే అదే ఫ్యాషనైపోయింది. అప్పటికి చట్టం వచ్చి 35 ఏళ్లు. అయినా షెట్‌లాండ్‌లో కొన్ని కొట్లలో బల్ల మీద ఒకవైపు అల్లిన జత పెడితే, రెండోవైపు నుంచి తేయాకు పొట్లమే వచ్చేది.