స్థాయి నుంచి స్పర్శకు: ‘కోర్స్’ అనే ఆంగ్ల విశేషణ చరిత్ర

స్పర్శను తెలిపే విశేషణాలు క్రమంగా మనుషుల గుణాలను తెలిపే పదాలుగా మారడం అర్థవిపరిణామంలో తరచుగా కనిపిస్తుంది. ‘గరుకు’ అనే అర్థంలో వాడే ఆంగ్ల విశేషణం ‘కోర్స్’ చరిత్ర దీనికి కొంత భిన్నమైనది. ఆ భేదాన్ని, తెలుగు అనువాదంలో దాని పర్యవసానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మార్గం, క్రమం అనే అర్థాలుగల ‘కోర్స్’ నామవాచకం నుంచే ఈ విశేషణం పుట్టి ఉంటుందని నిఘంటుకారుల అభిప్రాయం. వాడుక క్రమంలో దొరికేది, అంటే ‘మామూలుది’ అని దీని తొలి అర్థం. మామూలు జనం కట్టుకునే బట్టకు ఈ పదాన్ని వాడగా, ఆ బట్ట గరుకుదనమే పదానికి అర్థమైంది. అక్కడి నుంచి అది మాటతీరుకు, నడవడికి విస్తరించింది. వర్ణవిన్యాసం వేరుపడినా ఉచ్చారణ నేటికీ ఒకటే. కనుక ఈ పదంలో స్పర్శ కన్నా స్థాయి ముందుది.

తెలుగులో ఈ అర్థాలకు వేర్వేరు మాటలున్నాయి. స్పర్శకు గరుకు, పరిమాణానికి దొడ్డు, నేతకు ముతక, నడవడికి మోటు. ‘ముతక హాస్యం’ వంటి ప్రయోగాల్లో తెలుగు పదమూ బట్ట నుంచి మాటకు విస్తరించింది. అయితే ‘దొడ్డు బియ్యం’ అన్నప్పుడు గింజ పరిమాణమే స్ఫురిస్తుంది. ‘దొడ్డ మనసు’ అన్నప్పుడు గౌరవమే ధ్వనిస్తుంది.

ఈ భేదాన్ని విస్మరించి జొన్న, సజ్జ, రాగులను ‘ముతక ధాన్యాలు’ అని అనువదించడం సమస్యకు మూలం. రాగి గింజ వరి గింజకన్నా చిన్నది, నున్నగా ఉంటుంది. అక్కడ విశేషణం వర్ణించినది గింజను కాదు, గటక, సంకటి తినేవారి స్థాయిని. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కిలో బియ్యానికి 3 రూపాయలు, గోధుమలకు 2, ఈ ధాన్యాలకు 1 రూపాయి ధరగా పేర్కొంది. ధరకు పదం కారణం కాకపోవచ్చు. కానీ పదం, ధర ఒకే శ్రేణిని సూచించాయి.

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం చిరుధాన్యాలను ‘పోషక ధాన్యాలు’గా ప్రకటించింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. తెలుగులో ‘చిరుధాన్యం’ అనే మాట గింజ పరిమాణాన్నే చెబుతుంది, తినేవారిని కించపరచదు. పారిభాషిక పదాన్ని అనువదించేటప్పుడు నిఘంటువులోని సమానార్థకంతో తృప్తిపడక, ఆ పదం మోసుకొచ్చే సామాజిక చరిత్రను కూడా పరిశీలించవలసి ఉందని ఈ ఉదాహరణ నిరూపిస్తున్నది.