హెచ్-1బి: యజమాని పేరిట వచ్చే అనుమతి

1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తేల్చింది. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడానికి 1946 దాకా పట్టింది. అప్పుడైనా లూస్-సెల్లర్ చట్టం భారత్‌కు కేటాయించిన కోటా ఏడాదికి 100 మంది! 1952 చట్టంలో ‘హెచ్-1’ తరగతి పుట్టింది గానీ, అది విశిష్ట ప్రతిభావంతులకు ఉద్దేశించినది. స్వదేశంలోని నివాసాన్ని వదులుకునే ఉద్దేశం లేదని వారు చూపవలసి ఉండేది.

నేటి హెచ్-1బి 1990 చట్టపు సంతానం. సీనియర్ బుష్ సంతకం చేసిన ఆ చట్టం ఏటా 65,000 పరిమితి విధించింది. స్థానికంగా అమలులో ఉన్న వేతనం చెల్లిస్తానని యజమాని హామీ ఇవ్వాలన్నది. స్వదేశీ నివాస నిబంధనను ఎత్తివేసి, తాత్కాలిక వీసాపై ఉంటూనే గ్రీన్ కార్డుకు ప్రయత్నించే వీలు కల్పించింది. అయితే పిటిషన్ వేసేది ఉద్యోగి కాదు, కంపెనీ. అసలు కీలకం అక్కడే ఉంది. ఉద్యోగంతో పాటే దేశంలో ఉండే హక్కూ యజమాని చేతికి వెళ్ళింది.

వై2కె భయం, డాట్‌కామ్ ఉత్సాహం కలిసిన రోజుల్లో పరిశ్రమ ఒత్తిడికి కాంగ్రెస్ తలొగ్గింది. పరిమితి 1998 చట్టంతో 1,15,000కు, 2000 చట్టంతో 1,95,000కు పెరిగింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన కాలమది. మనుషులను అద్దెకిచ్చే ‘బాడీ షాపింగ్’ సంస్థలు, పని దొరికేదాకా జీతం లేకుండా కూర్చోబెట్టే ‘బెంచ్’ కూడా ఆ కాలానివే. జీతం లేని బెంచ్‌ను 1998 చట్టం నిషేధించింది. కానీ తన వీసానే ఆ యజమాని చేతిలో ఉన్నవాడు ఫిర్యాదు చేయడానికి ఎంత ధైర్యం కావాలి? కొత్త యజమాని పిటిషన్ వేయగానే ఉద్యోగం మారే వెసులుబాటు 2000లో గానీ రాలేదు. 2004లో పరిమితి తిరిగి 65,000కు దిగింది. అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 చేరింది.

ఇంతకంటే బిగువైన ముడి గ్రీన్ కార్డులో ఉంది. ఉపాధి ఆధారిత కార్డులు ఏటా దాదాపు 1,40,000. ఏ ఒక్క దేశానికైనా స్థూలంగా 7 శాతమే. 140 కోట్ల భారత్‌కూ, నాలుగు లక్షలైనా లేని ఐస్‌లాండ్‌కూ అదే గరిష్ట వాటా! హెచ్-1బి ఆమోదాల్లో 70 శాతానికి పైగా భారతీయులవే అయినప్పుడు వరుస దశాబ్దాలకు సాగక తప్పదు. ఆ వరుసలో ఉన్నవారికి ఆరేళ్ళ తర్వాత కూడా వీసా పొడిగిస్తారు. పొడిగింపు కోరవలసింది మళ్ళీ యజమానే.

2016లో భారత ప్రభుత్వం ఈ వీసాలపై ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళింది. ఫిర్యాదు ఫీజుల పెంపు గురించి, వీసాల సంఖ్య గురించి. ఉద్యోగిని యజమానికి కట్టివేసే నిబంధన గురించి కాదు. ఐటి కంపెనీల ప్రయోజనాన్నే జాతి ప్రయోజనంగా భావించే అలవాటు ఢిల్లీకి కొత్త కాదు. 2025 సెప్టెంబర్‌లో దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లపై ట్రంప్ లక్ష డాలర్ల చెల్లింపు విధించినప్పుడూ చర్చ చాలావరకు కంపెనీల లాభనష్టాల చుట్టూనే తిరిగింది.

ఉద్యోగం పోతే ఇంకో యజమానిని వెతుక్కోవడానికి ఉన్న గడువు గరిష్టంగా 60 రోజులు. తల్లిదండ్రులు వరుసలో ఉండగానే 21 ఏళ్ళు నిండిన పిల్లలు వారి వీసా నీడలో కొనసాగలేరు. అక్కడే పెరిగిన ఆ పిల్లలు సొంతంగా వేరే వీసా సంపాదించుకోవాలి, లేదంటే సరిగా ఎరుగని దేశానికి విమానం ఎక్కాలి.